బొమ్మ వెనుక నాలుగు మాటలు

ఉదరపోషణకు మనిషి చేసే పని వృత్తి. ఆ పని ముగిసిన తరువాత మనస్సు కోరి చేయించే పని వ్యాసంగం. వృత్తిని చూచి మనిషి స్థితిగతులు తెలుసుకోవచ్చును; వ్యాసంగాన్ని చూచి అతని అభిరుచి తెలుసుకోవచ్చును. కొందరు వీణ నేర్చుకొంటారు. కొందరు పెరటిలో పూలమొక్కలు పెంచుతారు. కొందరు తపాలా బిళ్ళలు కూడబెడతారు. ఆదివారం తెల్లవారకముందే లేచి, కెమేరా భుజాన తగిలించుకొని, ఊరు వెలుపలికి నడిచిపోయేవారు మరికొందరు. ఇంటివారు దీనిని వృథా ప్రయాస అనుకొంటారు. ఇరుగుపొరుగువారు పనిలేని పని అనుకొంటారు. ఈ పనిలేని పనికి ఒక పెద్ద ప్రయోజనం ఉన్నది. చిక్కు ఏమంటే, ఆ ప్రయోజనం ఆ ఔత్సాహికునికే చాలసార్లు తెలియదు.

ఛాయాగ్రహణం లోకానికి వెల్లడి అయినది 1839లో. అప్పటికి పదిహేడేండ్లు గడవగానే, 1856లో, మద్రాసులో ఒక ఛాయాగ్రాహక సమాజం ఏర్పడినది. ఆనాడు ఈ వ్యాసంగం కలిగినవారికే చెల్లినది. బరువైన పెట్టె, గాజు పలకలు, రసాయనాలు, వాటిని మోయటానికి మనుష్యులు కావలసి వచ్చేవారు. అయినా ఉత్సాహం ఆగలేదు. హైదరాబాదు ఆస్థాన ఛాయాగ్రాహకుడై పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ సైతం మొదట ఇండోరులో మరమ్మతుల శాఖ ఉద్యోగి. 1874 ప్రాంతంలో ఆయన కెమేరా చేతబట్టినది నౌకరీ చేసుకొంటూనే. వ్యాసంగం తరువాత వృత్తి అయినది. 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ నూరు బొమ్మల చుట్టతో కొడాక్ కెమేరా అమ్మినాడు. 1900లో అదే సంస్థ ఒక్క డాలరు వెలకు బ్రౌనీ పెట్టెను పిల్లల చేతికి అందించినది. నేడు సెల్‌ఫోన్ ఉన్న ప్రతివాడూ ఛాయాగ్రాహకుడే. సాధనం అందరికీ అందినది. దానితో ఏమి చూడవలెనన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది.

ఔత్సాహికుడు సాధారణంగా ఎక్కడికి పోతాడు? లంబసింగి మంచుకు పోతాడు. గండికోట దగ్గర పెన్నానది చీల్చిన లోయ అంచుకు పోతాడు. అరకు రైలెక్కుతాడు, పాపికొండల నడుమ లాంచీ ఎక్కుతాడు. ఇవి మనోహరమైన స్థలాలే. అక్కడికి పోవటం తప్పు కాదు, పోకపోవటమే లోపం. కాని గండికోట లోయ అంచున ఒకే రాతిమీద నిలిచి, ఒకే వేళకు వందలమంది తీసిన బొమ్మలను పక్కపక్కన పెడితే, ఏది ఎవరిదో తీసినవారే గుర్తుపట్టలేరు. లోయ ఎన్నో వేల ఏండ్లుగా అక్కడే ఉన్నది. వచ్చే ఏడు కూడా ఉంటుంది. ఆ ఔత్సాహికుని సొంత వీధిలో కుమ్మరి సారె వచ్చే ఏడు తిరుగుతుందో లేదో ఎవరు చెప్పగలరు? దూరపు కొండలు నునుపు అన్న సామెత కంటికి ఎంత నిజమో కెమేరా కంటికీ అంత నిజం.

ఈ విషయాన్ని తెలుగు విద్యార్థులకు అలంకార శాస్త్రపు మాటలలో చెప్పవచ్చును. ఉన్న వస్తువును ఉన్నట్లు, దాని చేష్టలతో, రూపంతో, కన్నులకు కట్టినట్లు చెప్పటం స్వభావోక్తి. దండి తన కావ్యాదర్శంలో అర్థాలంకారాలలో మొదటి పీట దీనికే వేసినాడు. కుంతకుడు ఒప్పుకోలేదు. వస్తు స్వభావమే అలంకరింపబడవలసినది. అదే అలంకారం ఎట్లా అవుతుందని ఆయన వాదం. ఈ వివాదం శతాబ్దాలు దాటి కెమేరా దగ్గరికి కూడా వచ్చినది. సంధ్యాకాశానికి లేని ఎరుపు పులిమి, కొండకు లేని నీలం అద్ది చూపేవాడు అతిశయోక్తిని ఆశ్రయించినాడు. సంతలో తక్కెడ పట్టుకొన్న ముసలమ్మ చేతిని ఉన్నది ఉన్నట్లు చూపేవాడు స్వభావోక్తిని నమ్ముకొన్నాడు. అతిశయోక్తికి చప్పట్లు త్వరగా వస్తవి. స్వభావోక్తికి కాలం గడిచిన కొద్దీ విలువ పెరుగుతుంది.

విలువ ఎందుకు పెరుగుతుందో తెలియటానికి సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రను తలచుకొంటే చాలును. 1949లో వెలువడి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఆ గ్రంథం రాజుల యుద్ధాల కథ కాదు. పూర్వులు ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలు ఆడినారు, ఏ సొమ్ములు పెట్టుకొన్నారు అన్న విచారణ అది. దానికోసం ఆయన పాల్కురికి సోమనాథుని కావ్యాలను, క్రీడాభిరామాన్ని, మరెన్నో ప్రబంధాలను వడపోయవలసి వచ్చినది. కవి ఏదో సందర్భంలో జారవిడిచిన ఒక మాటను పట్టుకొని ఒక పూట భోజనాన్ని ఊహించవలసి వచ్చినది. నిత్యజీవితాన్ని నిత్యమైనది గనుకనే ఎవరూ వ్రాసిపెట్టరు. అందరికీ తెలిసిన దానిని ఎవరికి చెప్పటం? ఆ తెలిసినవారు పోయిన తరువాత ఆ సంగతి చీకటి అవుతుంది. రేపటి సాంఘిక చరిత్రకారునికి ఆ చీకటిలో దీపం పెట్టగలవాడు ఇవాళ్టి ఔత్సాహిక ఛాయాగ్రాహకుడు.

ఇది ఎరిగి పనిచేసినవారు ఉన్నారు. ఇంగ్లండులో బర్మింగ్‌హాం నగరానికి చెందిన సర్ బెంజమిన్ స్టోన్ గాజు పరిశ్రమ నడిపినవాడు, పార్లమెంటు సభ్యుడు. ఛాయాగ్రహణం ఆయనకు వ్యాసంగం మాత్రమే. పల్లెల ఆచారాలు, పండుగలు, పాత ఇండ్లు కనుమరుగు అవుతున్నవని గ్రహించి, 1897లో ఔత్సాహికులను కూడగట్టి నేషనల్ ఫొటోగ్రాఫిక్ రికార్డ్ అసోసియేషన్ అనే సంఘాన్ని నెలకొల్పినాడు. ఒక పల్లెలో మగవారు రెయిన్‌డీర్ కొమ్ములు ఎత్తుకొని ఏటేటా ఆడే నాట్యాన్ని సైతం ఆయన బొమ్మ తీసి పెట్టినాడు. సంఘం 1910లో ముగిసినా, అది సేకరించిన బొమ్మలు బ్రిటిష్ మ్యూజియానికి చేరినవి. స్టోన్ సొంత సేకరణలోని వేలాది చిత్రాలు నేటికీ ఆయన నగరపు గ్రంథాలయంలో ఉన్నవి.

ఫ్రాన్సులో జాక్ ఆన్రీ లార్తీగ్ మరొక తీరు మనిషి. బాల్యంలో తండ్రి కొనియిచ్చిన కెమేరాతో అన్న ఎగురవేయబోయిన గాలిబండినీ, మెట్లమీదినుంచి దూకే బంధువుల పిల్లనూ, కారు పందేలనూ తీసినాడు. పెరిగి చిత్రకారుడైనాడు. ఛాయాచిత్రాలు ఆయనకు సరదా. ఆ సరదాకు జీవితాంతం ఆల్బములు కట్టినాడు, దినచర్య వ్రాసినాడు. 1963లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల ఆ బొమ్మలను ప్రదర్శించేనాటికి ఆయన వయస్సు డెబ్బదికి దగ్గరపడినది. 1979లో తన ఛాయాచిత్రాలన్నింటినీ ఫ్రెంచి ప్రభుత్వానికి దానం చేసినాడు. ఒక కుటుంబపు ఆటపాటలు ఒక దేశపు సొత్తు అయినవి.

మూడవ కథ వేరు. వివియన్ మేయర్ షికాగో నగర ప్రాంతంలో దాదాపు నలుబది ఏండ్లు ఇతరుల పిల్లలను పెంచిన ఆయా. మెడలో రోలీఫ్లెక్స్ కెమేరాతో, తీరిక దొరికినప్పుడల్లా వీధుల వెంట తిరిగినది. లక్షకు పైగా నెగటివులు పోగుచేసినది. వాటిని దాదాపు ఎవరికీ చూపలేదు. చాల చుట్టలను కడిగించనైనా లేదు. 2007లో, సామాను దాచిన గది అద్దె కట్టలేదని ఆమె పెట్టెలను వేలం వేసినారు. 2009లో ఆమె కన్నుమూసిన తరువాతనే లోకం ఆ బొమ్మలను చూచి విస్తుపోయినది. గొప్ప కన్ను ఆమెది. కాని ఆ వీధులలో ఆమె పట్టుకొన్న ముఖాలలో అధిక భాగం ఎవరివో నేడు చెప్పగలవారు లేరు. వేలంలో ఆ పెట్టెలు చెత్తబుట్టకు పోకపోవటం కేవలం అదృష్టం. అదృష్టం మీద ఆధారపడిన జ్ఞాపకం ఎంతవరకు నిలుస్తుంది?

తెలుగునాట ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. నాగార్జునకొండ లోయను జలాశయం ముంచివేస్తుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ లోయ అంతటా త్రవ్వకాలు జరిపినది. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండమీద, అనుపు దగ్గర తిరిగి నిర్మించినారు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించినారు. అది స్తుత్యమైన కృషి. ఐతే గుడిని తరలించినట్లు వీధిని తరలించలేరు. మునిగిన ఊళ్ళలో రచ్చబండలు ఉండేవి, అరుగులు ఉండేవి, పడవ రేవులు ఉండేవి. సాయంత్రం ఏ అరుగుమీద ఎవరు కూర్చుండేవారో, ఏ బావి దగ్గర ఏ మాట సాగేదో ఏ శాఖవారు నమోదు చేయగలరు? అది ఆ ఊరివాని పని. నేడు పోలవరం కారణంగా గోదావరి ఒడ్డున గ్రామాలు ఖాళీ అవుతున్నవి. నీరు రాని ఊళ్ళలో కూడా మండువా లోగిళ్ళు కూలి మేడలు లేస్తున్నవి. గూనపెంకు పోయి సిమెంటు వస్తున్నది. ఈ మార్పును నిలుపమని ఎవరూ అనరు. కొత్త ఇల్లు కట్టుకొనే హక్కు అందరికీ ఉన్నది. పాత ఇల్లు ఎట్లా ఉండేదో మనుమడు అడిగితే చూపటానికి ఒక బొమ్మ ఉండవలెను.

అందుచేత ఔత్సాహికుని మంచి విహారం తన ఇంటినుంచి వెయ్యి అడుగుల లోపలనే మొదలుకావలెను. వారపు సంత, చెరువు గట్టు, చాకిరేవు, మగ్గం గుంట, బస్సు నిలిచే చెట్టు నీడ, బడి విడిచిన వేళ పిల్లల పరుగు, ఇవి అతని పుణ్యక్షేత్రాలు. దగ్గరి వస్తువును చూడటం దూరపు వస్తువును చూడటంకంటె కష్టం. అలవాటు కంటికి పొర కమ్ముతుంది. ఆ పొరను తొలగించే సాధన పేరే ఛాయాగ్రహణం. ఉదయపు నీరెండ గోడమీద ఏటవాలుగా పడినప్పుడు ఇటుక వరుస, సున్నపు పెచ్చు, ముగ్గు గీత అన్నీ లేచి నిలుస్తవి. నడిమధ్యాహ్నం అదే గోడ చదునుగా మారిపోతుంది. రామప్ప గుడి శిల్పాన్ని పరిశీలించేవాడు ఏ వేళ చూడవలెనో ఈ గోడే నేర్పుతుంది. కుమ్మరి సారెను సెకనులో అయిదువందలవ వంతు కాలంలో తీస్తే అది ఆగిపోయినట్లు ఉంటుంది. పదిహేనవ వంతులో తీస్తే తిరుగుడు తెలుస్తుంది, కుండ మాత్రం కుదురుగా నిలుస్తుంది. ఏది సత్యమో ఆలోచించి తీయవలసినవాడు మనిషే గాని యంత్రం కాదు.

దగ్గరివారి బొమ్మ తీసేవానికి మర్యాద కూడా కావలెను. దూరదేశపు యాత్రికుడు తీసుకొని పోయేవాడు. ఊరివాడు రేపు మళ్ళీ అదే వీధిలో నడవవలసినవాడు. అడిగి తీయవలెను, వద్దన్నచోట కెమేరా మూయవలెను. దుఃఖంలో ఉన్నవారిని, ఒంటిమీద సరియైన బట్ట లేనివారిని, కళ కోసమని పట్టుకోవటం కళకే అపచారం. తీసిన బొమ్మను ఒక ప్రతి వేయించి వారికి ఇవ్వటం ఋణం తీర్చుకోవటం. ఆ ఒక్క ప్రతితో తలుపులు తెరుచుకొంటవి. తాత వచ్చి కూర్చుంటాడు, పాత ముచ్చట చెబుతాడు.

ఆ ముచ్చటే అసలైన ధనం. దానిని వ్రాసిపెట్టని బొమ్మ సగం బొమ్మ. తెలుగు ఇండ్లలో పెట్టె అడుగున నలుపు తెలుపు ఫొటోలు ఎన్నో దొరుకుతవి. స్టూడియో తెర ముందు బిగుసుకొని నిలిచిన దంపతులు, పొట్టి లాగుతో ఒక బాలుడు, కుర్చీలో ఒక వృద్ధురాలు. వెనుకకు తిప్పి చూస్తే ఖాళీ. ఆ వృద్ధురాలు ముత్తవ్వో, ముత్తవ్వ చెల్లెలో చెప్పగల చివరి మనిషి గత సంవత్సరమే పోయి ఉంటాడు. నాలుగు మాటలు వ్రాసి ఉంటే ఆమె ఆ ఇంట్లో ఇంకా బ్రతికే ఉండేది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమి చేస్తున్నారు: ఈ నాలుగే ఆ మాటలు. మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండా, బొమ్మ వెనుక అంచున వ్రాస్తే చాలును. ఫోనులో తీసినవాటికి ఆ మాటలే ఫైలు పేరుగా పెట్టి, రెండు వేరువేరు చోట్ల దాచవలెను. ముఖ్యమైనవాటిని కాగితంమీద అచ్చు వేయించవలెను.

భాషాభిమానులకు ఇందులో మరొక లాభం ఉన్నది. వస్తువు పోతే దానితో మాట కూడా పోతుంది. కపిల బావి లేనిచోట మోట అన్న మాట నిఘంటువులో శిలగా మిగులుతుంది. మగ్గం ఆగిన వీధిలో పడుగు, పేక, నాడె అన్నవి పిల్లలకు అర్థం కావు. ఎడ్లబండి పోయినప్పుడు కాడి, నొగ, ఇరుసు అన్నవి సామెతలలో మాత్రమే వినిపిస్తవి. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటాన్ని, వ్యవసాయ పదాలతో, వెలువరించినది. ఊరూరా తిరిగి రైతులను అడిగి కూర్చిన మాటలు అవి. అంతటి పని ఒక్కడు చేయలేడు. కాని తన ఊరి నేతగాని మగ్గాన్ని బొమ్మ తీసి, దాని భాగాల పేర్లు అతని నోటనే విని వెనుక వ్రాసిన ఔత్సాహికుడు అదే మహాకార్యంలో ఒక పిడికెడు మట్టి మోసినవాడు అవుతాడు.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చును. వినోదానికి బాధ్యత తగిలిస్తే వినోదం చస్తుందని మొదటిది. లార్తీగ్ జీవితమే దీనికి సమాధానం. ఆయనకంటె ఉల్లాసంగా బొమ్మలు తీసినవారు అరుదు. ఆయనకంటె శ్రద్ధగా ఆల్బములు కట్టినవారూ అరుదే. వీణ నేర్చినవాడు తీగలు సవరించుకోవటాన్ని శిక్ష అనుకోడు. ఇక రెండవది: అందరి చేతా ఫోనులు ఉండగా ఇప్పుడు నమోదు కానిది ఏమున్నది? ఉన్నది. ఒక్క పెండ్లికి వేల బొమ్మలు తీసే ఇంట్లో, ఆ ఇంటి ముసలమ్మ తిరగలి ముందు కూర్చున్న బొమ్మ ఒక్కటి ఉండదు. రాశి పెరిగినంత మాత్రాన లేఖ్యం కాదు. పొట్టు ఎంత ఉన్నా విత్తనం కావలెను గదా. ఒకప్పుడు చుట్టకు పన్నెండు బొమ్మలో, ముప్పదియారో వచ్చేవి. ప్రతి మీటకూ ఖర్చు ఉన్నందున తీసేవాడు నిలిచి ఆలోచించేవాడు. నేడు ఖర్చు లేదు గనుక ఆ నిలుపును తానే తెచ్చుకోవలసి ఉన్నది.

ఉపాధ్యాయులు తలచుకొంటే ఈ పని వచ్చే సెలవులలోనే మొదలుకావచ్చును. తరగతికి ఒక వీధి చాలును. నలుగురు పిల్లలకు ఒక ఫోను, అదీ పెద్దవారిది, చాలును. పన్నెండు బొమ్మలకు మించరాదన్న నియమం పెట్టవలెను. ప్రతి బొమ్మకూ ఆ నాలుగు మాటలు, వాటితో ఆ ఊరి పలుకుబడిలో ఒక పనిముట్టు పేరైనా వ్రాయించవలెను. బొమ్మలను అచ్చు వేయించి, పుస్తకంగా కుట్టి, బడి గ్రంథాలయంలో పెట్టవలెను. వ్యాసరచనకు ఇంతకంటె మంచి పాఠం లేదు. చూచినది చెప్పటం, విన్నది వ్రాయటం, అక్కరలేనిది వదలటం ఇందులో ఒక్కమారే అబ్బుతవి. తాతను అడగటానికి పిల్లవానికి ఒక కారణం దొరుకుతుంది; చెప్పటానికి తాతకు ఒక శ్రోత దొరుకుతాడు.

గండికోటకు పోవద్దని ఈ వాదం కాదు. పోయి రావలెను; కన్నుల నిండుగా చూడవలెను. తిరిగి వచ్చిన మరుసటి ఆదివారం మాత్రం కెమేరాను వీధి చివరి కుమ్మరి వాములదాకా తీసుకుపోవలెను. అతని పేరు అడిగి తెలుసుకోవలెను. ఆ పేరు బొమ్మ వెనుక వ్రాయవలెను.